కాకినాడ రేవులో కోనసీమ వాటా

కోనసీమవాసులకు కాకినాడ పరాయి పట్టణము గాదు. 2022 ఏప్రిలు 4వ తేదీన అమలాపురము ముఖ్యపట్టణముగా వేఱొక జిల్లా యేర్పడువఱకు మన భూముల కాగితములకు పెద్దకచ్చేరి యదియే. మన పిల్లలు పైచదువులకు పోయిన యూరును, మన బియ్యము ఓడ నెక్కిన రేవును అదియే. జిల్లాలను ప్రభుత్వపు టుత్తరువుతో విడదీయవచ్చును గాని నీటిని విడదీయగల యుత్తరువు ఎచ్చటను లేదు. ధవళేశ్వరము దిగువ చీలిన గోదావరి పాయలలో గౌతమి తన యొండ్రును తెచ్చి కుప్పవోయునది కాకినాడ యఖాతపు వాకిటనే. ఆ యఖాతము లోతు, ఆ రేవు బ్రతుకు, మన లంకల యునికి - ఈ మూడును ఒక్క లెక్కలోని యంకెలు. కావున కాకినాడ తీరమును తీర్చిదిద్దు సంకల్పములు బయలుదేరినపు డెల్ల, అది పొరుగూరి గొడవయని మన రైతులు చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదని మా యభిప్రాయము.

ఈ పదేండ్లుగా మన ప్రభుత్వములకు నీటి యొడ్డులపై నొక క్రొత్త మమకారము గలిగినది. 2016 జనవరిలో ప్రకటింపబడిన మొదటి యిరువది స్మార్ట్ సిటీలలో కాకినాడ యొకటి. సముద్రపుటొడ్డున పార్కులు వెలసినవి. రాజమహేంద్రవరమున 1997లో రైళ్లు నిలిచిపోయిన హేవలాకు వంతెనను, పుష్కరఘట్టమును యాత్రికుల కనువుగా దిద్దుటకు 94 కోట్ల పైచిలుకు రూపాయల వ్యయముతో అఖండ గోదావరి యను పథకమునకు 2025 జూనులో శంకుస్థాపన జరిగినది. 2027లో పుష్కరములు. ఆ పేర కోటిపల్లికిని, అప్పనపల్లికిని, అంతర్వేదికిని ఎంతో కొంత సొమ్ము రాకపోదని మనవారును ఎదురుచూచుచున్నారు.

ఒడ్డును చక్కజేయుట తప్పని మే మనము. ముక్కు మూసికొని మురికిలో మునుగుట పుణ్యమని బోధించువారము గాము. 2015 జూలై 14వ తేదీన రాజమహేంద్రవర పుష్కరఘట్టమున త్రొక్కిసలాటలో 27 మంది ప్రాణములు పోయిన దినమును మరచినవారము గాము. ఘట్టము విశాలముగా నుండవలెను, మెట్లు గట్టిగా నుండవలెను, స్త్రీలు బట్టలు మార్చుకొనుటకు మరుగుండవలెను. ఇందు వాదమే లేదు. మా ప్రశ్న వేఱు. తీరమును తీర్చునపుడు కొలతబద్ద ఎచ్చట మోపవలెను? నడకదారికడనా, నీటికడనా?

యెదుర్లంక కడ గౌతమిపై బాలయోగి వారధి మీద నిలిచి చూచినవారికి ఈ ప్రశ్న దానంతట నదియే తోచును. 2002లో ఆ వారధి తెఱచువఱకు పంటు ఎక్కి దాటిన దినములు మాకు బాగుగా జ్ఞాపకమున్నవి. ఆవలి యొడ్డున యానాము. 1954 జూన్ 13 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, పిమ్మట పుదుచ్చేరితో కలిసిన యా చిన్నపట్టణము తన గౌతమీతీరమును చక్కగా నలంకరించుకొన్నది. నడకదారి, దీపములు, భరతమాత విగ్రహము, ఏనుగులు అభిషేకము చేయు శివలింగము, సాయంకాలమున పిల్లలతో వచ్చిన కుటుంబములు. చూచి మన యొడ్డున కీపాటి భాగ్యము లేదే యని యసూయపడని అమలాపురపు పెద్దమనిషి యుండడు. మేమును పడితిమి. కాని 2022 జూలైలో ధవళేశ్వరమున 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద దిగినపుడు ఆ యొడ్డును, ఆ పట్టణపు వీధులును, మన లంకలును ఒక్కతీరుననే మునిగినవి. గౌతమికి మన యలంకారములతో పరిచయము లేదు.

యానాము దాటి కాకినాడ దారిని కొలదిదూరము పోయిన కోరంగి వచ్చును. నేటి యువకులకు కోరంగి యనగా మడ అడవి, వారాంతపు విహారము. 18వ శతాబ్దియందును, 19వ శతాబ్ది మొదటి భాగమునను ఈ తీరమున ఓడలు కట్టుటకును, చెడిన యోడలను మరమ్మతు చేయుటకును పేరుపొందిన రేవది. 1789 డిసెంబరులో ఉప్పెన దానిపై బడెను. 1839 నవంబరులో మఱియొక యుప్పెన దానిని తుడిచిపెట్టెను. 1848లో ఈ గాలివానలకు సైక్లోను అను పేరు పెట్టిన హెన్రీ పిడ్డింగ్టను కోరంగి యుప్పెనను గూర్చియు వ్రాసెను. కాని కోరంగిని చంపినది గాలి యొక్కటియే గాదు. గాలివాన పడగొట్టినదానిని మనుష్యులు మరల నిలుపుకొనగలరు, నిలుపుకొనిరి గూడ. ఏటేట మేటవేసిన యొండ్రు మాత్రము ఓడ లోనికి వచ్చు త్రోవను మూసివైచెను. త్రోవ మూతపడిన రేవునకు వర్తకుడు తిరిగి రాడు.

కోరంగి పోగొట్టుకొన్న వర్తకము కాకినాడకు వచ్చినది. ఉప్పుటేటి కీవల జగన్నాయకపురమున డచ్చివారి వర్తకస్థానము 1825 వఱకు నుండెను. 1860 తరువాత అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి మాంచెస్టరు మిల్లులకు ప్రత్తి కఱవైనప్పుడు మన ప్రత్తి కాకినాడమీదుగా పోయి ఆ పట్టణమును పెంచెను. అంతకు కొలదిముందే 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు టానకట్ట డెల్టాకు కాలువల నిచ్చినది. ఆర్థరు కాటను దొరకు రైలుకంటె పడవమీద గురి యెక్కువ. ఆయన దృష్టిలో కాలువ యనగా పైరునకు నీరు, సరకునకు దారి - రెండును. గన్నవరము కడ వైనతేయపై 49 ఖానాల అక్విడక్టు గట్టి నగరము లంకకు నీరు తెచ్చినపుడు, నీటితోబాటు పడవయు నది మీదుగా నడచినది. కోనసీమ ధాన్యము, కొబ్బరి పడవల కెక్కి బొబ్బర్లంక లాకు దాటి, ఆనకట్ట పైని గోదావరి నడ్డముగా దాటి, ధవళేశ్వరపు లాకున దిగి, తూర్పుడెల్టా కాలువ వెంట కాకినాడ చేరుచుండెను. కాకినాడ రేవు మన చేల గట్టుకడ మొదలగుచుండెనని చెప్పినచో అతిశయోక్తి గాదు.

మన సీమలో రేవులు లేకపోలేదు. వైనతేయపు మొగకడ బెండమూర్లంక 18వ శతాబ్దిలో ఇంగ్లీషు కంపెనీవారి వర్తకస్థానము. రాజోలు సీమకు వసిష్ఠ యావలియొడ్డున నున్న నరసాపురమున 17వ శతాబ్దిలో ఓడలు కట్టుచుండిరని 1670 ప్రాంతమున ఈ తీరమున దిరిగిన థామసు బౌరీ వ్రాసినాడు. ఓడలరేవు అను గ్రామము పేరే యొక శాసనము. నే డచ్చటికి ఓడ రాదు. సముద్రగర్భమునుండి తీసిన వాయువు గొట్టములవెంట వచ్చును. వీనిలో నొక్క రేవును మన మలంకారములు లేక పోగొట్టుకొనలేదు. మొగలు పూడి పోగొట్టుకొంటిమి.

రేవు అనగానే మనకు జెట్టీయు, దీపస్తంభమును, ఓడయు మనసున మెదలును. మోతకూలి మెదలడు. కోరంగినుండియు, కాకినాడనుండియు స్టీమరెక్కి రంగూనుకు పోయిన తెలుగువారిని ఆ దేశమున కోరంగీలని పిలిచిరి. గోదావరిజిల్లా కూలివాడు, విశాఖపట్టణము కూలివాడు - ఎవడైనను కోరంగియే. రంగూను రేవు వారి వీపుల మీద నిలిచినది. 1930 మే నెలలో ఆ కూలీలు కూలి పెంపునకై పని మానినపుడు వారికి బదులు బర్మావారిని పెట్టిరి; సమ్మె ముగిసినంతనే వారిని తొలగించిరి. పొట్టకూటికై వచ్చిన యిరుదెఱగుల బీదలు ఒకరినొకరు చంపుకొనిరి. లాభము కంపెనీలది, నెత్తురు కూలీలది. ఒక రేవును క్రొత్తగా తీర్చుచు, అందు పనిచేయువాడు రేపు ఎచ్చట నుండునని యడుగనివారికి ఏమి జరుగునో తెలుపు కథ యిది.

ఇక నేటి కాకినాడ. యఖాతము మెట్టయగుటచేత పెద్దయోడలు తీరమునకు మైళ్లదూరమున లంగరు వేయుటయు, బార్జీలు ఉప్పుటేటినుండి బియ్యపు బస్తాలు మోసికొనిపోయి వానికెత్తుటయు తరతరములుగా వచ్చిన పద్ధతి. ఆ లంగరు రేవు నేటికిని పనిచేయుచునే యున్నది. 1997లో లోతునీటి రేవు తెఱువబడెను. 1999లో దానిని ప్రైవేటు సంస్థ కప్పగించిరి. ఈ రెండు రేవుల నడుమ చేపల రేవు, మరపడవలు, వలలు బాగుచేయువారు, ఎండు చేపల పళ్లెములు మోయు స్త్రీలు. దక్షిణమున 235 చదరపు కిలోమీటర్ల కోరంగి అభయారణ్యము, 1978లో ప్రకటింపబడినది. ఎదుట సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలండు. ఆ యిసుకదిబ్బకు రెండువందలయేండ్ల వయసుండిన గొప్ప. గౌతమి తెచ్చిన యిసుకను అలలు ఉత్తరముగా లాగి పేర్చి దానిని సృష్టించినవి. కాకినాడకు గాలివానలో చాటు అదియే. రేవునకు లోతు తగ్గుటకు కారణములలో నొకటియు నదియే. తల్లి యొక చేత పాలిచ్చి మఱియొక చేత మొట్టినట్లు.

ఇట్టి తీరమున ఒక రాయి వేయుటకైన ముందు ఇసుక ఎటు నడచునో తెలిసికొనవలెను. మన తూర్పుతీరమున అలల యొత్తిడికి ఇసుక ఏడాదిలో నధికభాగము దక్షిణమునుండి యుత్తరమునకు నడచును. దాని కడ్డము కట్టిన ప్రతి గోడయు దక్షిణమున ఇసుక నాపి యుత్తరపు టూరిని ఆకలికి మాడ్చును. విశాఖపట్టణమున 1933లో తెఱచిన రేవు కట్టునపుడే యింజనీర్లకు ఈ రహస్యము తెలియును. అందువలననే రెండు పాతయోడలను ముంచి అడ్డుకట్టగా జేసి, ఇసుకను అచ్చట నాపి, త్రవ్వి యుత్తరపు తీరమున పోయు నేర్పాటు చేసిరి. 1976లో వెలుపలి రేవు వచ్చిన పిదప ఆ పోత తక్కువైనపు డెల్ల సముద్రము బీచిరోడ్డును కొఱుకుచునే యున్నది. కాకినాడ కుత్తరమున ఉప్పాడ కథ మన కందఱికి తెలిసినదే. వీధులు పోయినవి, గుళ్లు పోయినవి, బీచిరోడ్డు ఎన్నిమార్లు తెగెనో లెక్క లేదు. 2010 ప్రాంతమున ఇసుక నింపిన పెద్దసంచుల గోడ కట్టిరి. సముద్రము దానిని చించివైచెను. హోప్ ఐలండు పెరుగుదలయు, రేవు కట్టడములును అలల దారి మార్చుటయే ఉప్పాడ కోతకు హేతువని నిపుణు లనేకులు చెప్పుచున్నారు. కాకినాడ యలంకారమునకు వెల ఉప్పాడ చెల్లింపగూడదు.

మడ అడవి మాట మఱియు విచారకరము. 2020లో కాకినాడ దుమ్ములపేట కడ మడచెట్లు నఱికి మట్టిపోసి బీదలకు ఇండ్లస్థలము లీయబూనిరి. వ్యవహారము జాతీయ హరిత న్యాయస్థానమునకు పోయినది. బీదవానికి ఇల్లుండవలెను; అందు రెండవ మాట లేదు. కాని ఉప్పెన వచ్చునపుడు మొట్టమొదట కొట్టుకొనిపోవు చోటునే బీదవాని కేల చూపవలెను? ఆ యలను ఆపు చెట్టునే యేల నఱుకవలెను? 2019 నాటి తీరప్రాంత నియంత్రణపు ప్రకటన యైనను మడ అడవికి గట్టి రక్షణమునే విధించినది; వెయ్యి చదరపు మీటర్లు మించిన మడకు చుట్టును ఏబది మీటర్లు విడిచిపెట్టవలెనని యందున్నది. చట్టము కాగితమున నున్నది, పలుగు చేతిలో నున్నది.

ఇందు మనకేమి పని యని రాజోలు రైతు అడుగవచ్చును. కాకినాడ తీరమునకు ఏది రోగమో మన తీరమునకు నదియే రోగము. గోదావరిపై ఎగువ కట్టిన జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుచుండుటచే దిగువకు వచ్చునది నానాటికి తగ్గినది. క్రొత్త మట్టి రాని డెల్టా క్రుంగుచు పోవును, సముద్రము లోనికి వచ్చును. 2011 సార్వాకు కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి దేశమును విస్మయపఱచిరి. గిట్టుబాటు ధర లేకపోవుట యొక హేతువు. మురుగు దిగక చేలు మునుగుట మఱియొకటి. మురుగేల దిగదు? డ్రెయినుల మొగలు సముద్రముకడ ఇసుకతో పూడినవి. పూడిక తీసినచోట పోటునకు ఉప్పునీరు లోనికి ఎగబ్రాకును. శంకరగుప్తము డ్రెయిను వెంట ఉప్పునీరు ఎక్కి కేశనపల్లి మొదలగు గ్రామములలో కొబ్బరిచెట్లు తలలు వ్రాల్చి చచ్చుట చూచి 2025లో ఉపముఖ్యమంత్రియే వచ్చి పరామర్శింపవలసి వచ్చెను. పదేండ్లు పెంచిన చెట్టు ఒక్క యేట మోడగుట చూచిన రైతునకు రేవుశాస్త్రము వేఱుగా బోధింప నక్కరలేదు. మొగ మూసిన మురుగు, మొగ తెఱచిన యుప్పు - ఈ రెంటి నడుమ తూము ఎప్పుడు తెఱువవలెనో, ఎప్పుడు మూయవలెనో తెలిసిన యేర్పాటొక్కటియే దిక్కు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రిని మన తరమువారు మరువజాలరు. వేయిమందికి పైగా పోయిరి. వారిలో సముద్రమునకు వేటకు పోయిన మత్స్యకారు లెందఱో. కొబ్బరితోటలు ఒక్కరాత్రిలో నేల నొరిగినవి. కోనసీమకు కాకినాడవలె ఇసుకదిబ్బ చాటు లేదు. మనకున్నది ఏటిగట్టు, మిగిలిన యా కొంచెము మడ. తీరపథకములకని తెచ్చు కోట్లలో ఎంతపాలు ఈ గట్లకు, ఈ మొగలకు, ఈ చెట్లకు పోవునో అడుగుట మన హక్కు. ఏలన ఒక్క గౌతమికి రెండు యొడ్డులు. ఒకదానికి దీపములు, మఱియొకదానికి మునక యనుట న్యాయము గాదు.

ఇతరదేశములలో ఈ పని జరిగిన తీరు చూడుడు. లండను నగరమున థేమ్సు నది రేవులు ఒకదాని వెంట నొకటి మూతపడి 1981 నాటికి ముగిసిపోయినవి. పెద్ద పెట్టెలలో సరకు మోయు క్రొత్త యోడలు అంతలోనికి రాజాలకపోయెను. ఆ సంవత్సరమే ప్రభుత్వమువా రొక ప్రత్యేకసంస్థను సృష్టించి, ఎన్నికైన స్థానికమండలుల చేతినుండి నగరనిర్మాణాధికారమును తీసి దాని కిచ్చిరి. 1998లో ఆ సంస్థ ముగియునప్పటికి ఆకాశమంటు మేడలు లేచినవి, బ్యాంకులు వచ్చినవి. రేవున పనిచేసిన కుటుంబములవారు మాత్రము ఆ మేడల నీడలోనుండి మా ఇండ్లెచ్చట, మా పనులెచ్చట అని యడుగుచునే యుండిరి. అంతదూరమేల? అహమ్మదాబాదున సబర్మతీతీరమును దిద్దుటకు 1997లో కంపెనీ పెట్టిరి. నది రెండు గోడల నడుమ సన్ననై, నర్మద కాలువ నీటితో నిండి, చూడ ముచ్చటగా నున్నది. ఒడ్డున గుడిసెలలో నుండిన వేలకొలది కుటుంబములు ఊరిచివరకు పోయినవి. పనికి రాను పోను బస్సుకూలియే వారికి బరువైనది. గాంధీమహాత్ముడు ఆశ్రమము కట్టుకొన్న నది యది. ఇంతకంటె మే మనము.

కంపెనీ యనగానే మాకొక సందేహము. 1858లో కంపెనీ పాలనము ముగిసినదని చిన్ననాట చదివితిమి. కాని స్మార్ట్ సిటీల పని నడుపుటకు కాకినాడలోను ఒక కంపెనీయే ఏర్పడినది. రాజ్యాంగమునకు 1992లో చేసిన 74వ సవరణమున పురపాలకసంఘములకు తగినవిగా పేర్కొన్న పదునెనిమిది పనులలో మొట్టమొదటిది నగర నిర్మాణ ప్రణాళిక. ఆ పనినే మొదట వారినుండి తప్పించితిమి. 2017లో ఎన్నికైన కాకినాడ పాలకవర్గము గడువు 2022లో తీరగా, ఎన్నికలు జరుగక ప్రత్యేకాధికారి పాలనము నడచెను. ఓటిచ్చినవాడు లేనిచోట పటము గీసినవాడే ప్రభువు. 1921లో తమ కక్కరలేని మునిసిపాలిటీని నెత్తిన రుద్దినందుకు చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు విడిచి, రామనగరమున పాకలు వైచుకొని సుమారు పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చిరి. వారు పోరాడినది పన్నుకొఱకే యని తలచువారున్నారు. ఊరిని గూర్చిన నిర్ణయము ఊరివారిని అడిగి చేయవలెననుట వారి పట్టు. 1923లో కాంగ్రెసు మహాసభను తన తీరమున జరిపించుకొన్న కాకినాడకు ఈ సంగతి ఇంకొకరు చెప్పవలసివచ్చుట చింతింపదగినది.

ప్రజలను అడుగుచునే యున్నాము గదా యని అధికారులు బదులు చెప్పుదురు. 2006 నాటి ప్రకటన ప్రకారము పెద్దపథకములకు ప్రజాభిప్రాయసభ జరుపవలెను, నిజమే. అట్టి సభ కొకదానికి మే మొకమారు పోయితిమి. వందల పుటల నివేదిక యింగ్లీషున నున్నది. తెలుగున నున్నది కొలది పుటల సంగ్రహము. అందును డ్రెడ్జింగు, లిటోరల్ డ్రిఫ్టు అను మాటలు తెలుగు లిపిలో వ్రాసి తెలుగనిపించిరి. ఒక ముసలి మత్స్యకారుడు లేచి, బాబూ, ఇసుక ఎటు పోతుందో ఈ కాగితంలో రాశారా అని యడిగెను. వేదికమీదివారు తమలో తాము చూచుకొనిరి. ఆ సభలో నిజమైన శాస్త్రప్రశ్న అదియొక్కటియే. దానిని కార్యక్రమవివరములలో వ్రాసికొనిరో లేదో మాకు తెలియరాలేదు.

కాబట్టి మేము కోరునది గట్టిగా చెప్పెదము. ఉప్పుటేటిలోనికి దిగు పట్టణపు మురికిని శుద్ధిచేయకుండ దాని యొడ్డున పాలరాతి బల్లలు వేయుట పరిహాసము. మొదటి రూపాయి మురికి కాలువకు పోవలెను. బార్జీలును, చేపపడవలును ఉప్పుటేటినుండి తఱిమివేయదగిన చెత్త గావు. పట్టణమునకు చూడదగిన దేదైన నున్నచో అదియే. చేపలు దించు గట్టు, మంచు, ఎండబెట్టు తావు, వల పఱచు చోటు పటమున మొదట గీయవలెను. ఏప్రిలు 15 నుండి జూన్ 14 వఱకు వేట ఆపు 61 దినములలో ఆ మరపడవ లన్నియు ఎచ్చట నిలుచునో గూడ చూపవలెను. మిగిలినచోట నడకదారి వేసికొనవచ్చును. రేవునుండి త్రవ్వి తీసిన యిసుకను మైదానములు మెరకవేయుట కమ్ముకొనక, ఉప్పాడ తీరమునకు పోయవలెను.

కాలువల సంగతి గూడ మరువరాదు. కాకినాడనుండి పుదుచ్చేరివఱకు గల కాలువను, గోదావరి కృష్ణల భాగములతో గూడ, 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. ప్రకటించుట జరిగినది, కోనసీమ పడవ కాకినాడ రేవునకు పోవుట జరుగలేదు. లాకుల తలుపులు తుప్పుపట్టినవి, వంతెనలు నీటికి తగిలెడు నంత క్రిందికి కట్టినారు, కాలువగట్లు ఆక్రమణములు. 1928లో వేసి, యుద్ధకాలమున 1940లో పట్టాలు పీకికొనిపోయి, మరల 2004లో తెఱచిన కాకినాడ కోటిపల్లి రైలువంటి కథయే యిదియు నగునేమో. నరసాపురమువఱకు ఆ రైలు రావలెనని 2000 నాటినుండి కోరుచునే యున్నాము. రైలు వచ్చును, రాకపోవును. కాలువ మాత్రము ఇప్పటికే త్రవ్వియున్నది. రేవుతీర పథకమున కాలువ కొసకు చోటు లేకపోయినచో కోనసీమకు ఆ పథకమున చోటు లేదనియే యర్థము.

పథకము గీయుచున్నవారు ఇసుక నడకయు, మొగల లోతులును, మడ హద్దులును కొలిచి చూపిన పటమును తెలుగున అచ్చొత్తించి, కాకినాడ నగరపాలక కార్యాలయమున మాత్రమే గాక అమలాపురము, రాజోలు, కొత్తపేట తాలూకా కచ్చేరీలలోను, ఐ. పోలవరమునను, యానామునను నెలదినములు గోడకు వ్రేలాడగట్టవలెను. చూచిన రైతు తన డ్రెయిను దానిలో లేదని వ్రేలుపెట్టి చూపగలిగినపుడు దానిని చేర్చుకొనవలెను. పుష్కరముల పనులు మొదలు కాకమునుపే ఇది జరుగవలెను. మొదలైన పిదప గుత్తేదారునకు గడువు తప్ప మఱియొకటి వినబడదు.